అద్దె ఇల్లు – ఆరోగ్యం : ఇంటి యజమానులు గమనించవలసిన విషయాలు

– నర్సింగ్ సూపరింటెండెంట్



వార్డులో కొత్త పేషెంటును చేర్చుకునేటప్పుడు పేరు, వయసు, ఊరు అడుగుతాము. "సొంత ఇల్లా, అద్దె ఇల్లా?" అని అడగము. కాని కొన్ని కేసులు చూసినప్పుడు ఆ మాట కూడా అడగాలనిపిస్తుంది. తడి చేత్తో బాత్‌రూమ్ స్విచ్ వేసి షాక్ తగిలినవారు, పట్టుకోవడానికి కమ్మీ లేని మెట్ల మీద నుంచి జారి తుంటి ఎముక విరిగిన పెద్దవారు, ఒకే కాంపౌండులో మూడు వాటాలవారు ఒకే వారంలో విరేచనాలతో రావడం – ఇవన్నీ మాకు తెలిసిన సంగతులే. వీటికి వైద్యం హాస్పిటల్‌లో ఉంది. నివారణ చాలావరకు ఇంటి యజమాని చేతిలో ఉంది.

మన ప్రాంతంలో అద్దె ఇళ్లు చాలా ఎక్కువ. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఏలూరు జిల్లా కేంద్రమే. 2022లో జిల్లాలు విడిపోయినా ఏలూరు జిల్లాకు అదే కేంద్రం. ఆఫీసులు, కాలేజీలు, హాస్పిటళ్ల కోసం వచ్చినవారందరికీ ఇళ్లు కావాలి. 2023లో ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్.ఐ.టి. వచ్చింది. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. రిటైరయిన టీచరు గాని, భర్త పోయిన అమ్మగారు గాని పైన రెండు గదులు వేసి అద్దెకిచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కుంటున్నారు. కనుక యజమానులందరూ ధనవంతులు అనుకోవడం సరికాదు. తక్కువ ఖర్చుతో ముందుగా ఏది చేయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ముఖ్యమైన విషయం. అద్దెకున్నవారు లోపాలు చెప్పరు. కుళాయి దగ్గర షాక్ కొడుతోందని చెబితే "మీకే ఎందుకు కొడుతోంది?" అంటారేమోనని, అద్దె పెంచుతారేమోనని, ఖాళీ చేయమంటారేమోనని భయం. కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు గనుక ఇల్లు బాగానే ఉందని అనుకోవద్దు. యజమానే వెళ్లి అడగాలి, చూడాలి.

నీళ్లు

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మొదలైన అస్వస్థతను మనం మరచిపోలేము. కొద్ది రోజుల్లో సుమారు 600 మంది మూర్ఛ, కళ్లు తిరగడం, వాంతులతో హాస్పిటళ్లకు వచ్చారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇతర సంస్థలు పురుగుమందుల అవశేషాల గురించి చెప్పాయి. నీళ్లు, పాలు, కూరగాయలు అన్నిటినీ పరీక్షలకు పంపించారు. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట – "మనం తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" ఆ ప్రశ్న ఎప్పుడూ అడగవలసినదే.

డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేయకముందు మంచినీటి చెరువులు నింపుకుంటారు. కొల్లేరు వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. టౌనులో మున్సిపాలిటీ కుళాయి నీళ్లు సంపులో పడి, మోటారుతో మేడ మీద ట్యాంకుకి ఎక్కుతాయి. మున్సిపాలిటీవారు శుభ్రం చేసి పంపిన నీరు మన సంపులోనే పాడైపోవచ్చు. యజమాని చేయవలసినవి ఇవి :

1. సంపుకి, ట్యాంకుకి గట్టి మూత ఉండాలి. సంపు అంచు నేలకన్నా ఎత్తుగా ఉండాలి. లేకపోతే వానకి వీధి నీరు అందులోకి దిగుతుంది.

2. కుళాయి పైపు మురుగుకాలువలో నుంచి వెళుతుంటే దానిని పైకి మార్పించాలి. నీళ్లు రాని సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు. పగులు ఉంటే మురుగు లోపలికి పీల్చుకుంటుంది.

3. మూడు నెలలకొకసారి ట్యాంకు ఖాళీ చేసి, బ్రష్‌తో రుద్ది కడిగించాలి. గోడ మీద తేదీ రాయించాలి.

4. బావి నీరు గాని, బోరు నీరు గాని వాడితే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. అర టీస్పూనుకు కొద్దిగా ఎక్కువ అన్నమాట. దానిని నేరుగా పోయకూడదు. బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకి దిగాక, పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగి వాడుకోవాలి. మూత తీసి చాలాకాలం ఉంచిన పౌడరుకి బలం ఉండదు.

5. సెప్టిక్ ట్యాంకుకి, బావికి మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. చిన్న స్థలాల్లో ఇది సాధ్యం కాదు. అటువంటి ఇంట్లో "ఈ నీళ్లు వాడకానికే, తాగడానికి కాదు" అని అద్దెకిచ్చే రోజే చెప్పాలి.

క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది. సీసాన్ని, పురుగుమందులను తీసివేయదు. నీళ్ల రంగు, వాసన, రుచి మారితే వాడకం ఆపి వెంటనే మున్సిపాలిటీకి లేక పంచాయతీకి చెప్పి పరీక్ష చేయించాలి.

కరెంటు

అద్దె ఇంట్లో ప్రాణం తీసే లోపాల్లో మొదటిది ఇదే. పాత వైరింగ్ ఒక ఫ్యానుకి, రెండు లైట్లకి వేసినది. ఇప్పుడు అదే వైరు మీద ఫ్రిజ్, గీజరు, మిక్సీ, కొందరికి ఏ.సి. కూడా నడుస్తున్నాయి.

ఎం.సి.బి. ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఎం.సి.బి. వైరు కాలిపోకుండా ఆపుతుంది. మనిషికి షాక్ తగిలితే అది పడిపోకపోవచ్చు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పగానే, కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేస్తుంది. పెట్టించడానికి అయ్యే ఖర్చు చిన్న వాటా ఒక నెల అద్దెకు అటూ ఇటూగా ఉంటుంది. దాని మీద ఒక చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినప్పుడు పడిపోకపోతే మార్పించాలి.

ఎర్తింగు సరిగా ఉందో లేదో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఏడాదికొకసారి చూపించాలి. వేసవి చివర, వానలు పడకముందు చూపిస్తే మంచిది.

ఇక బట్టలారేసే దండెం. మన ఊళ్లలో ఇనుప తీగె దండేలు ఎక్కువ. మీటరు నుంచి వచ్చే సర్వీసు వైరు రాసుకుని దానిమీది ప్లాస్టిక్ అరిగితే తీగె అంతా కరెంటే. తడిబట్ట వేసిన ఆమె ప్రాణం పోతుంది. విడదీయబోయిన భర్త గాని, అత్తగారు గాని అలాగే పోతారు. దీనికి పరిష్కారం నైలాన్ తాడు. చాలా తక్కువ ఖర్చు. మీ ఇంట్లో ఇనుప దండెం ఉంటే ఈ పుస్తకం పక్కనపెట్టి ముందు దానిని విప్పేయండి.

మేడ మీద నుంచి చేతికందేలా కరెంటు తీగలు వెళుతుంటే 1912 నంబరుకు ఫోన్ చేసి విద్యుత్ శాఖవారికి చెప్పండి. ఇనుప గొట్టంతో మునగకాయలు కోయవద్దని అద్దెకున్నవారికి చెప్పండి.

షాక్ తగిలినవారిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ ఎక్కడుందో అద్దెకున్నవారికి తెలియాలి. దానికి తాళం వేసి తాళంచెవి యజమాని దగ్గర పెట్టుకోవడం చాలా ప్రమాదం.

గ్యాస్, గాలి, వెలుతురు

వంటగ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేలమీదే పేరుకుంటుంది. వంటగదికి కింద భాగంలో కూడా గాలి పోయే దారి ఉండాలి. గ్యాసు ట్యూబును అయిదేళ్లకొకసారి మార్చాలి. ట్యూబు అద్దెకున్నవారిది కావచ్చు, కాని గది మీది. వాసన వస్తే స్విచ్‌లు వేయడం గాని, తీయడం గాని చేయకూడదు. తలుపులు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, బయటకు వచ్చి 1906కి ఫోన్ చేయాలి.

గ్యాసు గీజరును కిటికీ లేని బాత్‌రూమ్‌లో పెట్టనివ్వవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లినవారు స్పృహ తప్పి పడిపోతారు. బాలింత గదిలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టినా అదే ప్రమాదం.

కిటికీలు లేని గదిని అద్దెకివ్వడం న్యాయం కాదు. క్షయ వంటి వ్యాధులు గాలి ఆడని గదుల్లోనే ఒకరి నుంచి ఒకరికి త్వరగా వ్యాపిస్తాయి. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే మంచిది. ఒక్కటే ఉంటే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.

మెట్లు, పిట్టగోడ, స్లాబు

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టుకునేవారికి ఒక ఆజ్ఞ ఉంది. మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. అది లేక ఎవరైనా పడిపోతే ఆ దోషం ఇంటివారిదే. అన్ని వేల ఏళ్ల కిందట చెప్పిన ఆ మాట మన ఊరి మేడలకు చక్కగా సరిపోతుంది. పై అంతస్తు తరువాత వేద్దామని ఇనుప చువ్వలు పైకి వదిలేసి, పిట్టగోడ కట్టకుండానే కింది వాటా అద్దెకిస్తున్నారు. పిల్లలు గాలిపటాలకు మేడ ఎక్కుతారు.

పిట్టగోడ కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలి. రెయిలింగ్ కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించితే పసిపిల్లల తల దూరుతుంది. మెట్లకు ఒకవైపైనా చేతికమ్మీ, రాత్రిపూట వెలిగే ఒక లైటు ఉండాలి. పెద్దవారు ఉండే వాటాలో బాత్‌రూమ్ నేల నున్నగా ఉండకూడదు. కమోడ్ పక్కన ఒక కమ్మీ బిగిస్తే ఒక తుంటి ఆపరేషన్ తప్పుతుంది.

ఉప్పునీళ్లతో కట్టిన స్లాబుల్లో ఇనుము త్వరగా తుప్పు పట్టి ఉబ్బుతుంది. సిమెంటు పెచ్చులు ఊడి పడుకున్నవారి మీద పడతాయి. వానాకాలం ముందు ఒక కర్రతో స్లాబు కింద తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ గదిలో మంచాలు తీయించి మేస్త్రీని పిలవండి. సున్నం వేసి కప్పిపుచ్చవద్దు. దొడ్లో వాడని బోరు గొట్టం ఉంటే మూత బిగించండి.

సెప్టిక్ ట్యాంకు, దోమలు

సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకొకసారి యంత్రం ఉన్న బండితోనే తీయించాలి. మనిషిని లోపలికి దింపకూడదు. లోపలి విషవాయువు రెండు శ్వాసల్లో స్పృహ తప్పిస్తుంది. రక్షించబోయి దిగినవారు కూడా చనిపోతారు. 2013 చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేక రెండు లక్షల వరకు జరిమానా, లేక రెండూ. "వాళ్లే దిగుతామన్నారు" అన్నది జవాబు కాదు. పగిలిన మూతను వెంటనే మార్పించండి.

ట్యాంకు గాలిగొట్టానికి దోమతెర గుడ్డ కట్టండి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరుగుతుంది. గోదావరి జిల్లాలకు బోదకాలు బాధ కొత్త కాదు. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ మాత్రం మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే పాటించమంటారు. ఖాళీగా ఉన్న వాటాలో కమోడ్, మేడ మీద పాత టైర్లు, కొబ్బరి చిప్పలు కూడా చూడండి. అద్దెకు ఎవరూ లేని ఇంట్లో కూడా దోమలు కాపురం చేస్తాయి.

వరద వచ్చినప్పుడు

కొల్లేటికి తమ్మిలేరు, బుడమేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు సముద్రానికి పంపుతుంది. వచ్చినంత వేగంగా నీరు పోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. తరువాత ఆ నీరే కొల్లేరు గ్రామాలకు వచ్చింది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎర్రకాలువ పొంగితే అదే పరిస్థితి.

ఇల్లు మునిగే చోటైతే ఆ సంగతి అడ్వాన్సు తీసుకోకముందే చెప్పాలి. ఇంటిలో బయటకు కనిపించని లోపాన్ని అద్దెకు తీసుకునేవారికి తెలియజేయడం 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం యజమాని బాధ్యత. స్విచ్‌బోర్డులు, మోటారు స్టార్టరు పాత వరద మట్టానికి పైన పెట్టించండి.

నీరు తీశాక ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయవద్దు. సంపు, ట్యాంకు కడిగి బ్లీచింగ్ చేయాలి. మూలల్లో, కట్టెల కింద పాములు ఉంటాయి. పాము కాటేస్తే కోయడం, బిగించి కట్టడం, పసరు పోయడం చేయక, కదలకుండా పడుకోబెట్టి 108ని పిలవాలి.

చెరువు గట్టు మీద షెడ్లు

కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. అద్దె కట్టరు, జీతంలో భాగం. "ఊరికే ఇచ్చాను కదా" అని యజమాని అనుకోవచ్చు. కాని పిల్లలు పడుకునే షెడ్డు ఇల్లే. ఏరియేటర్లకు లాగిన వైర్లు నేల మీద నుంచి ఆ షెడ్డు గుమ్మం ముందు నుంచే వెళతాయి. మేత, మందు డబ్బాలు ఆ గదిలోనే ఉంటాయి.

అయిదు పనులు చేయండి : స్టార్టరు దగ్గర ఆర్.సి.సి.బి.; వైర్లు స్తంభాల మీదుగా; మందులకు వేరే తాళం గది; తాగడానికి టిన్ను నీళ్లు; చెరువు వైపు పసిపిల్లలు వెళ్లకుండా ఒక కంచె. ఖాళీ మందు డబ్బాలు నీళ్లు పట్టుకోవడానికి ఇవ్వవద్దు. వాటికి బొక్క పెట్టేయండి.

జబ్బు చేసినవారిని పొమ్మనవద్దు

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. అయినా రాయాలి. ఇక వైద్యం లేదని డాక్టరుగారు చెప్పాక కూడా కొందరు డిశ్చార్జి వద్దంటారు. కారణం అడిగితే, "అద్దె ఇల్లమ్మా, అక్కడ ప్రాణం పోతే ఓనరుగారు ఒప్పుకోరు" అంటారు. శవాన్ని ఇంటికి తీసుకువెళ్లలేక హాస్పిటల్ నుంచే నేరుగా శ్మశానానికి వెళ్లిన కుటుంబాలున్నాయి. మనిషి పోయిన ఇంటికి మళ్లీ అద్దెకు ఎవరూ రారని యజమానుల భయం. కాని ప్రతి పాత ఇంట్లోనూ ఎవరో ఒకరు పుట్టారు, ఎవరో ఒకరు పోయారు. చనిపోయినవారి నుంచి గదికి ఏ రోగమూ అంటదు. తలుపులు తెరిచి, ఫినాయిలు వేసి కడిగితే చాలు.

క్షయ ఉన్నవారు మందులు క్రమంగా వాడితే సాధారణంగా రెండు మూడు వారాల్లో వ్యాధిని అంటించే శక్తి బాగా తగ్గుతుంది. ఇల్లు మారితే మందులు ఆగిపోతాయి, అప్పుడే వీధి అంతటికీ ప్రమాదం. హెచ్.ఐ.వి. ఉన్నదని ఇల్లు ఇవ్వకపోవడం గాని, ఖాళీ చేయించడం గాని 2017 చట్టం నిషేధించింది. కోవిడ్ వచ్చిన 2020లో దేశంలో చాలాచోట్ల డాక్టర్లను, నర్సులను కూడా అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. రాత్రంతా వార్డులో పనిచేసి వచ్చిన పిల్ల సామాన్లు గేటు బయట చూసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాగితం, పుస్తకం

అగ్రిమెంటు రాసుకోవడం అపనమ్మకం కాదు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి అందరూ రాస్తారు. మరమ్మతులు ఎవరివి అన్నది రాయరు. గోడ, స్లాబు, వైరింగ్, పైపులు, సెప్టిక్ ట్యాంకు యజమానివి. బల్బులు, కుళాయి వాషర్లు, శుభ్రత అద్దెకున్నవారివి అని స్పష్టంగా రాసుకోండి. యజమాని చేయవలసిన మరమ్మతు చెప్పినా సకాలంలో చేయకపోతే, అద్దెకున్నవారు తామే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవడానికి పైన చెప్పిన 108వ సెక్షనే వీలు కల్పించింది. రాష్ట్ర అద్దె చట్టం కూడా ఉంది కనుక తగవు వస్తే న్యాయవాదిని అడగండి.

మా వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు మరొక నర్సుకి ప్రతి మంచం దగ్గర నిలబడి అప్పగింత చేస్తుంది. ఇల్లు అప్పగించేటప్పుడు కూడా అలాగే చేయండి. గది గదికీ తిరిగి, స్విచ్‌లు, కుళాయిలు, గొళ్లేలు, మెయిన్ ఉన్న చోటు చూపించి, ఒక నోటుపుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ పుస్తకం వాటాలోనే మేకుకి వేలాడాలి. లోపం కనిపించిన రోజు వారు రాయాలి, బాగు చేయించిన రోజు మీరు రాయాలి.

గుర్తుంచుకోవలసిన పట్టిక

ప్రతి నెల (అద్దె తీసుకునే రోజు) : ఆర్.సి.సి.బి. బటన్, మెట్ల లైటు, సంపు మూత, పుస్తకం చూడటం.

మూడు నెలలకొకసారి : ట్యాంకు, సంపు కడిగించడం.

ప్రతి మే నెల : వైరింగ్, ఎర్తింగు, స్లాబు, డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకు మూతలు.

కొత్తవారు దిగేముందు : తాళాలు మార్చడం, నీళ్ల పరీక్ష, పుస్తకంలో సంతకాలు.

డబ్బు చాలకపోతే వరుస ఇది : ముందు కరెంటు, తరువాత పిట్టగోడ, మెట్లు, ఆ తరువాత నీళ్లు, సెప్టిక్ ట్యాంకు. రంగులు అన్నిటికన్నా ఆఖరున. రంగు వేయకపోతే ఎవరూ చనిపోరు.

వచ్చే ఒకటో తారీఖున అద్దె తీసుకోవడానికి వెళ్లినప్పుడు గుమ్మంలోనే నిలబడి రాకండి. "ఇంట్లో ఎక్కడైనా షాక్ కొడుతోందా? నీళ్లు బాగుంటున్నాయా?" అని అడగండి. వారు మొహమాటపడి "బాగానే ఉందండీ" అంటారు. మరొక్కసారి అడగండి.